ఏ వెలుతురులో చూశావు

ఆ వీధిలో అతన్ని రుజువు అనేవారు. చిన్నవాళ్ళకు రుజువు తాతయ్య, తోటివాళ్ళకు రుజువుగారు. అసలు పేరు ఉత్తరాల మీద మాత్రమే మిగిలింది.

కళ్ళద్దాల షాపులో వెనక గది అతనిది. ముందు గదిలో ఫ్రేముల బీరువాలు, నిలువుటద్దాలు, వచ్చేపోయే జనం. వెనక గదిలో ఒక సాన చక్రం, ఒక కుళాయి, కిటికీ పక్కన ఒక ఎత్తు బల్ల. డాక్టరు రాసిన నంబరు చూసి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసేవాడు. బిగించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. నలభై ఏళ్ళు అదే పని. వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి.

అతని వాదన కూడా ఆ పనిలోంచి పుట్టిందే. మెట్ల మీద ఎవరో తెల్లగా నిలబడ్డారని, మూసేసిన ఇంట్లో దీపం కదిలిందని ఎవరైనా చెబితే కొట్టిపారేసేవాడు కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మూడు ప్రశ్నలు వేసేవాడు. ఎంత దూరం నుంచి చూశావు? ఏ వెలుతురులో చూశావు? నీతో పాటు ఇంకెవరు చూశారు?

ఒకసారి బేకరీ ఆయన తన గోదాములో తల లేని మనిషిని చూశానన్నాడు.

"ఎంత దూరం?"

"ఇక్కణ్ణుంచి ఆ స్తంభం దాకా ఉంటుంది."

"అద్దాలు పెట్టుకునే చూశావా?"

"లేదు, చెమట పడితే తీసి తుడుచుకుంటున్నా."

"నీ నంబరు నాకు తెలుసు. అద్దాల్లేకపోతే అంత దూరంలో నీ పెళ్ళానికి కూడా తల ఉండదు."

బేకరీలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. బేకరీ ఆయన కూడా నవ్వాడు. ఇద్దరూ వెళ్ళి చూస్తే గోడ మేకుకు తగిలించిన వానకోటు. దాన్ని భుజాన వేసుకుని వీధంతా తిరిగి చూపించాడు రుజువు.

మొదట్లో అతనికి కావలసింది కారణం. ఎక్కడో ఒక మేకు ఉంటుంది, దానికి ఒక కోటు ఉంటుంది, అంతే. తర్వాత తర్వాత నవ్వు రుచి మరిగాడు.

అతనికి ఒక్కతే అక్క. అయిదేళ్ళు పెద్ద. బళ్ళో నల్లబల్ల మీద అక్షరాలు కనపడక చీవాట్లు తింటుంటే, ఒక టీచరు పట్టుబట్టి కళ్ళు పరీక్ష చేయించింది. మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకుని షాపు మెట్ల మీదికి వచ్చిన అక్క నాలుగు వైపులా చూసి, "ఒరే, మన వీధి ఇంత మురికిగా ఉంటుందా?" అంది. రెండు గాజు ముక్కలు అంత పని చేస్తాయా అని తమ్ముడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్దయ్యాక ఆ పనిలోనే చేరాడు. చేరిన రోజు నుంచి అక్క అద్దాలన్నీ అతనే చేశాడు. మైనస్ నాలుగు, మైనస్ ఆరు, ఏడున్నర, చివరికి తొమ్మిది. అంత నంబరు అద్దం అంచు దగ్గర దిమ్మలా ఉంటుంది. ఆ మందం ఎదుటివాళ్ళకు కనపడకుండా ఏటవాలుగా దిద్దాలి. మూడింతల సమయం పట్టేది. ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

అంత నంబరు ఉన్నవాళ్ళకు కంటి వెనక పొర పల్చబడుతుంది. ఒక్కోసారి చిరుగుతుంది. అలాంటప్పుడు మసక చీకట్లో కంటి పక్కనుంచి మెరుపు మెరిసినట్టు ఉంటుంది, మసి రాలినట్టు నల్లటి నలకలు తేలతాయి. అతను డాక్టరు కాకపోయినా ఆ సంగతి తెలుసు. మందపు అద్దాలు తీసుకునే ప్రతివాళ్ళకూ పెట్టె చేతిలో పెడుతూ చెప్పేవాడు: "మెరుపులు కనిపిస్తే రేపు ఎల్లుండి అనుకోకండి. ఆ పూటే కంటి ఆస్పత్రికి పోండి." వందల మందికి చెప్పాడు. అక్కకు చెప్పలేదు. తను ఉన్నాడు కదా అనుకున్నాడు.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. బావ ప్రెస్సులో మిషను నడిపేవాడు. ఆ మోతకు అతని ఎడమ చెవి పోయింది. అందుకని ఎప్పుడూ అక్కకు ఎడమ పక్కనే కూర్చునేవాడు, వినపడే చెవి ఆమె వైపు ఉండేలా. వాళ్ళకు పిల్లల్లేరు. రుజువు ఉండే వీధికి రెండు వీధుల అవతల, మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవారు. ఒక రోజు ప్రెస్సు నుంచి వస్తూ బావ బస్సులోనే పోయాడు.

నాలుగు నెలల తర్వాత అక్క ఒక మాట చెప్పింది.

"పొద్దున ఆరింటికి మీ బావ దగ్గుతున్నార్రా. రెండుసార్లు. ఎప్పట్లాగే."

అతను ఒక పొద్దున్నే వెళ్ళి, స్నానాలగది గోడకు చెవి ఆనించి విని వచ్చాడు. బావ పోయి ఏడాదైన నాడు అయినవాళ్ళంతా అక్క ఇంట్లో చేరారు. మాటల్లో దగ్గు సంగతి వచ్చింది. ఒకావిడ కళ్ళు పెద్దవి చేసి, "ఉంటారమ్మా, అంత తొందరగా ఎక్కడికి పోతారు?" అంది. రుజువు లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు బావ దగ్గుతాడు, వినండి."

కిటికీలోంచి కింద వాచ్‌మన్‌కు చెయ్యి ఊపాడు. రోజూ పొద్దున ఆరింటికి వేసే నీళ్ళ మోటారు మొదలైంది. గోడలో గొట్టం గాలి తన్ని రెండుసార్లు దగ్గింది. ఆపించాడు. మళ్ళీ వేయించాడు. మళ్ళీ రెండుసార్లు. మూడోసారి కూడా వేయించాడు.

"బతికుండగా పది కేకలేస్తే గానీ వినపడేది కాదు మా బావకి. ఇప్పుడు పిలవకుండానే వచ్చేస్తున్నాడంటే, పైకెళ్ళాక చెవి బాగైనట్టుంది."

గది గదంతా నవ్వింది. అక్క కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. "సరేలేరా" అంది. మర్నాడు అతనే ప్లంబరును తీసుకెళ్ళి గొట్టానికి బిగింపు వేయించాడు. ఆ తర్వాత అది దగ్గలేదు.

అంతకు ముందు రోజే, అక్క ఇంటి నుంచి వస్తుంటే, దారిలో భార్య అంది: "అందరూ నవ్వారు సరే. వదిన ఈ పూట ఏమీ తిన్లేదు, చూశారా?"

"ఉన్న మాట చెప్పడం కూడా తప్పేనా?"

"తప్పని నేనన్నానా? గెలిచారు, పదండి."

చెవి బాగైన బావ కథ షాపులో చాలా రోజులు నడిచింది. అడిగినవాళ్ళకూ చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు.

తర్వాత రెండేళ్ళలో అక్క అలాంటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆదివారం ఆదివారం అతను వెళ్ళేవాడు. మోకాళ్ళ నొప్పి, పక్కవాటాలో కుట్టుమిషను పెట్టుకున్నావిడ చప్పుడు, పాలవాడి ఆలస్యం. మాటలకు లోటుండేది కాదు. అక్క దారికి వచ్చిందని అతను అనుకున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం అతను పేపరు తిరగేస్తున్నాడు. ఇంకా దీపం వెయ్యలేదు. అక్క ఎదురుగా కూర్చుంది.

"ఒరే, చీకట్లో..." అంది. "కూర్చుంటే, ఈ ఎడమ పక్కన తటాలున..."

అతను పేపరులోంచి తల ఎత్తలేదు.

"ఏంటి, బావ మళ్ళీ వచ్చాడా?"

అక్క కొంగు సర్దుకుంది.

"అది కాదురా. బల్బు తటాలున కొట్టుకుంటోంది, మార్చాలి అంటున్నా."

అతను కిందికి వెళ్ళి బల్బు కొనుక్కొచ్చాడు. స్టూలు ఎక్కి పాతది తీసి కొత్తది పెట్టాడు. పాతదాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. లోపల తీగ తెగలేదు, బాగానే ఉంది. ఆ సంగతి గమనించాడు కూడా. గమనించి, ఇంకొంచెం వెలుతురున్నది పెడితే మంచిదేలే అనుకుని స్టూలు దిగాడు.

తర్వాత ఆదివారం షాపులో సరుకు లెక్క ఉండి వెళ్ళలేదు. ఆ పై ఆదివారం వెళ్ళాడు. అక్క టీ తెచ్చి, తన గ్లాసు బల్ల మీద పెట్టి, పెట్టిన గ్లాసు కోసం చెయ్యి చాపింది. చెయ్యి తగిలి గ్లాసు కింద పడింది. ఆమె ఎడమ పక్కనే ఉంది గ్లాసు.

అతను లేచాడు. ఎడమ అరచెయ్యి ఆమె కుడి కంటికి అడ్డం పెట్టాడు. రెండో చెయ్యి మొహం ముందు చాపాడు.

"ఎన్ని వేళ్ళు?"

"వేళ్ళేవిరా?"

"చెయ్యి కనపడుతోందా?"

"పైన కొంచెం. మిగతాదంతా నల్లగా ఉంది. గుడ్డ కట్టినట్టు."

"ఎప్పణ్ణుంచి?"

ఆమె కింద పడ్డ గ్లాసు కోసం వంగబోయింది. ఆటో దొరకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా అతను అక్క చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అతనిది చల్లగా ఉంది.

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ చుక్కల మందు వేసి, చీకటి గదిలో కంట్లోకి లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"పెద్దమ్మా, దీనికి ముందు మెరుపులు కనిపించాయా?"

"కనిపించాయమ్మా."

"ఎన్ని రోజుల కింద?"

"నల్లటి తెర మొదలై నాలుగు రోజులు. అంతకు ముందు మెరుపు ఇరవై మూడు రోజులు."

అంత కచ్చితంగా చెప్పిన రోగిని డాక్టరమ్మ చూసి ఉండదు. పెన్ను ఆపింది.

"మరి ఎవరికీ చెప్పలేదా?"

అక్క తమ్ముడు నిలబడ్డ వైపు తల తిప్పలేదు.

"ఇంట్లో ఎవరూ లేరమ్మా, నేనొక్కదాన్నే."

మెరుపులు మొదలైన వారంలో వచ్చి ఉంటే చిరుగు చుట్టూ లేజరు వేసి ఆపేవాళ్ళమని డాక్టరమ్మ అతనికి నడవలో చెప్పింది. ఇప్పుడు పొర ఊడి వచ్చేసింది, ఆపరేషన్ చేస్తాం, ఆశ పెట్టుకోవద్దంది. కుడి కంట్లోనూ రెండు చోట్ల పల్చగా ఉంది. చెయ్యగలిగింది చేస్తాం. కానీ ఆ కంట్లో మెరుపు కనిపిస్తే మాత్రం ఆ పూటే తీసుకురావాలి.

"ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలండీ."

అతను తల ఊపాడు. నడవలో బెంచీ మీద కూర్చున్నాక గానీ ఆ మాట అర్థం తలకెక్కలేదు. కంట్లో మెరిసే మెరుపును ఎవరు కనిపెడతారు? దానికి దూరం లేదు. వెలుతురులో అది కనపడదు. పక్కన కూర్చున్నవాడికి అసలే కనపడదు. చూసిన మనిషి నోరు విప్పి చెప్పాలి, విన్నవాడు నమ్మాలి. వేరే దారి లేదు.

ఆపరేషన్ జరిగింది. ఎడమ కంటికి వెలుతురు, చీకటి తేడా మాత్రం మిగిలింది.

అక్క ఇంటికి వచ్చిన మూడో రోజు అతను పక్కవాటా తలుపు కొట్టాడు. కుట్టుమిషనావిడకు అంతా తెలిసే ఉంటుందని అతని అనుమానం. అనుమానం నిజమే.

"చెప్పారన్నయ్యగారూ. మొదటి రోజే చెప్పారు. దీపాలార్పి ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్ళం. 'ఇదిగో ఇప్పుడు' అనేవారు. నాకేమీ కనిపించేది కాదు. ఆయన ఎడమ పక్కనే కదా కూర్చునేది, ఆయనే అయుంటారు అన్నాను. చివరికి నల్లగా నిలబడ్డట్టుంది అంటే, ఇక వెళ్ళకుండా ఉండిపోయారేమో అన్నాను."

"మీ మాటల వల్ల మా అక్క కన్ను పోయిందమ్మా."

ఆమె కుడుతున్న గుడ్డ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తల దించుకోలేదు.

"పోయింది. రోజూ అదే అనుకుంటున్నా. నేను బట్టలు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసు? మీకు తెలుసు. కళ్ళ పనే కదా మీది. తమ్ముడికి చెప్పండి అన్నాను కూడా. రెండుసార్లన్నాను."

"ఏమంది?"

"ఎందుకులెండి."

"ఏమందో చెప్పమ్మా."

"వాడికి చెబితే మళ్ళీ వాచ్‌మన్‌ని పిలుస్తాడు అన్నారు."

అతను వచ్చిన దారిన వెళ్ళిపోయాడు. ఆవిడతో వాదించడానికి దారి పొడుగునా చాలా కూడబెట్టుకుని వచ్చాడు. ఆవిడ చెప్పింది తప్పు. ఒక్క ముక్క కూడా నిజం కాదు. తను చెప్పిన గొట్టం సంగతి నిజం. ఇప్పటికీ నిజమే. ఎన్నిసార్లు తిప్పి చూసినా అందులో తప్పు దొరకలేదు. దొరికితే బాగుండేది.

షాపులో అతను మాట తగ్గించాడు. ఎవరైనా దెయ్యం సంగతి ఎత్తితే కుర్చీ లాక్కునేవాడు కాదు. బేకరీ ఆయన ఊరుకోలేక, "రుజువుగారూ, మా గోదాములోకి కోటు మళ్ళీ వచ్చిందండోయ్" అని కవ్వించినా, సాన చక్రం తిప్పుతూ ఉండిపోయేవాడు.

ఆదివారాలు పోయి రోజూ అయింది. సాయంత్రం షాపు నుంచి నేరుగా అక్క దగ్గరికి వెళ్ళేవాడు. దీపం ఆర్పి, కుడి కన్ను అటూ ఇటూ తిప్పమనేవాడు.

"ఏమైనా మెరిసిందా?"

"లేదురా."

"నలకలు?"

"లేవు."

"నిజంగా?"

"నిజంగాట! రాసిచ్చేదా?"

ఒక రోజు అతను దీపం వెయ్యకుండానే కూర్చున్నాడు.

"అక్కా, బావ మళ్ళీ ఎప్పుడైనా... అంటే, ఏదైనా వినిపిస్తుందా?"

ఆమె పకపకా నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

"ఇదేం గొంతురా, పరామర్శకొచ్చినవాడిలా? నీకు నమ్మకం లేదు కదా."

"లేదు."

"మరి నమ్మినట్టు అడక్కు. నీకు నప్పలేదు."

"నమ్మకపోయినా చెప్పొచ్చుగా. నవ్వనక్కా."

"నవ్వవని తెలుసులే." ఆమె చెయ్యి చాపి అతని మోకాలు వెతికి తట్టింది. "నాకే, నీ ముందు నోరు రావట్లేదు. నీ మీద కోపం కాదురా. అలవాటు పోయింది."

 క్షమించమని అడిగితే, దేనికని అడుగుతుంది. గొట్టం దగ్గిందని చెప్పినందుకా? లేచి దీపం వేశాడు. మందుల సీసాలు వరసలో పెట్టాడు. వస్తానక్కా అన్నాడు.

గుమ్మం బయట మెట్టు మీద వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటుంటే లోపల మాటలు వినపడ్డాయి. తలుపు పల్చటి చెక్క. ఎవరైనా ఫోను చేశారేమో అనుకున్నాడు.

"ఏమండీ, పాలవాడు ఇవాళ కూడా ఏడింటికే వచ్చాడు. అడిగితే సైకిలంటాడు. పక్కావిడ మిషను బెల్టు తెగిందట, పొద్దుట్నుంచీ ఇల్లంతా నిశ్శబ్దం..."

మూడేళ్ళ కింద అయితే తలుపు తోసుకుని వెళ్ళేవాడు. ఎంత దూరంలో ఉన్నాడు, ఏ వెలుతురులో ఉన్నాడు అని అడిగేవాడు. ఇప్పుడు ఊపిరి మెల్లగా తీసుకుంటూ నిలబడ్డాడు. అతనికి ఒక్క మాట కావాలి. మెరుపు అన్న మాట ఆ తలుపు వెనక వస్తుందా, రాదా.

"వాడొచ్చి వెళ్ళాడు. రోజూ దీపమార్పి కన్ను తిప్పమంటాడు. పాపం, నవ్వడం మానేశాడండీ. ఆ మొహం చూడలేకపోతున్నా. ఈ కన్నయినా పోకుండా ఉంటే వాడి కోసమైనా..."

ఆగింది. ఎవరో అడ్డుపడి ఏదో అడిగితే ఆగినట్టు ఆగింది. అతను తలుపుకు చెవి ఆనించాడు.

"లేదండీ" అంది లోపల అక్క. "ఏమీ మెరవలేదు. మెరిస్తే మీకు చెప్పనా?"

అతను పట్టీ విప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. మర్నాడు కూడా, ఏమీ లేదురా అని అక్క చెప్పాక బయటికి వచ్చి, తలుపు మూసి, ఆ మెట్టు మీదే నిలబడ్డాడు.